వంతెన మీద వీరుడు

ఒనోరె బూవ్రే, ఫిర్మిన్ జాకె బావా బావమరుదులు. మా సెన్‌వాల్ ఊరి గాయక బృందంలో మంచి గొంతులు కూడా వాళ్లిద్దరివే. అయినా కొన్నేళ్ల కిందట పురపాలక ఎన్నికలు జరిగిన నాటి నుంచీ వాళ్ల మధ్య మాటల్లేవు. ఆ ఎన్నికల్లో ఒనోరె నిలబడ్డాడు. గెలిస్తే మేయరు అతనే. ఒక్క ఓటు తేడాతో ఓడిపోయాడు. ఆ సాయంత్రం ఓదార్చడానికి వచ్చిన ఫిర్మిన్ కుర్చీలో సరిగ్గా కూర్చోకుండానే, నేను కూడా నీకు వెయ్యలేదు బావా అని చెప్పేశాడు. చెప్పకపోతే ఎవరికీ తెలిసేది కాదు. కాని ఫిర్మిన్ కడుపులో ఏ మాటా నిలవదు. ఒనోరె చేతిలో ఉన్న సూప్ గిన్నె గోడకు తగిలి ముక్కలైంది.

ఒనోరె జున్ను తయారు చేస్తాడు. మనిషి ఎత్తు, గొంతు లోతు, కోపం ముక్కు మీద ఉంటుంది. ఫిర్మిన్ ఇళ్ల కప్పులకు రేకులు వేస్తాడు. సన్నగా, పిల్లిలా నడుస్తాడు. వీళ్ల మధ్య నలిగిపోయింది బెర్త్. ఒనోరెకు పెళ్లాం, ఫిర్మిన్‌కు అక్క. ఎంత పగ ఉన్నా ఆదివారం భోజనానికి తమ్ముడు రావాల్సిందేనని పట్టుబట్టింది. ఫిర్మిన్ వచ్చేవాడు. ఒకే బల్ల దగ్గర ఎదురెదురుగా కూర్చునేవాళ్లు. ఒకరికి రొట్టె కావాలంటే అక్కకు చెప్పాలి, అక్క రెండోవాడికి చెప్పాలి. చెయ్యి చాపితే అందే దూరంలోనే ఉండేది ఆ రొట్టె.

అలాంటి ఊరికి ఓదీల్ మార్షాల్ వచ్చింది. ముప్పయ్యేళ్ల పాటు లియోన్ నగరంలో ఒపేరా కోరస్‌లో పాడి, పదవీ విరమణ చేసి, తన పిన్ని వదిలిపోయిన ఇంట్లో దిగింది. చలికాలం మొదలవకముందే మా గాయక బృందం ఆమె చేతికొచ్చింది. అంతవరకు మేము క్రిస్మస్ పాటలు, పంటల పాటలు పాడుకుంటూ సుఖంగా ఉన్నాం. నేను పియానో వాయించేదాన్ని. ఓదీల్ మొదటి రోజే ఆ పాటల కట్ట పక్కకు నెట్టి, వసంతంలో ఒపేరా, అంటే మాటలన్నీ పాటలుగా సాగే నాటకం, ఆడదామంది. మొత్తం కాదు, మూడు రంగాలు.

అది నూరేళ్ల కిందటి ఫ్రెంచ్ ఒపేరా. ఇప్పుడెవరూ ఆడరు. గోద్రాన్ అనే ముసలి వీరుడి కథ. ఎవరేం చెప్పినా నమ్ముతానని అతను ప్రమాణం చేసుకుంటాడు. మొదటి రంగంలో సత్రంవాడు తాను రాజునని చెబితే మోకరిల్లి నమస్కరిస్తాడు. ఆ సిగ్గుతో సత్రంవాడు ఆ రాత్రి అతిథులకు డబ్బు తీసుకోకుండా అన్నం పెడతాడు. రెండో రంగంలో ఒక దారిన పోయేవాడు, శత్రుసైన్యం వస్తోందని ఆటపట్టిస్తాడు. వీరుడు ఊరి వంతెన మీద ఒంటరిగా కాపలా నిలబడతాడు. సైన్యం రాదు. మూడో రంగంలో, ఆ చలిలో నిలబడి జబ్బుపడ్డ వీరుడు చనిపోతూ, సైన్యం వచ్చిందా అని అడుగుతాడు. వెంట తిరిగిన బంటు, వచ్చింది, మిమ్మల్ని చూసి తిరిగిపోయింది అని చెబుతాడు.

వీరుడిగా ఒనోరె, బంటుగా ఫిర్మిన్ అని ఓదీల్ పాత్రల జాబితా చదివింది. పోస్టాఫీసు క్లారిస్ దగ్గు వచ్చినట్టు నటించింది. ఓదీల్‌కు ఏమీ తెలియదనుకుని, అందరూ వెళ్లాక నేనే అసలు సంగతి చెప్పాను. ఆమె కోటు బొత్తాలు పెట్టుకుంటూ, "తెలుసు సిమోన్. ఈ ఊళ్లో దిగిన రోజునే రొట్టెల కొట్లో చెప్పారు" అంది.

మర్నాడు ఒనోరె ఆమె ఇంటికి వెళ్లి, ఆ మనిషితో కలిసి పాడనన్నాడు. ఓదీల్ కాఫీ పోసి, సరే, మీరు తప్పుకుంటారని ఫిర్మిన్ కూడా అన్నాడు అంది. ఒనోరె కాఫీ తాగకుండానే లేచి, ఎవరు తప్పుకుంటారో చూద్దామని వెళ్లిపోయాడు. గంట తిరక్కుండా ఫిర్మిన్ వచ్చాడు. అతనికీ అదే కాఫీ, అదే మాట. ఆ సంగతి ఆమె నాకు చెప్పినప్పుడు, మీరు అబద్ధం చెప్పారు కదా అన్నాను. రెండోవాడికి చెప్పేసరికి నిజమైందిగా అని నవ్వింది.

సాధన మొదలైంది. ఇద్దరూ పాటలో ఉన్న మాట తప్ప ఇంకొకటి పలికేవారు కాదు. పాట ఆగగానే చెరో గోడ వైపు తిరిగేవారు. అయితే పాటలో ఉన్న మాటలు ఒనోరెకు బాగా నచ్చాయి. సత్రం రంగంలో వీరుడు బంటును బూట్లు తుడవమంటాడు. ఆ వాక్యం ఒనోరె నోట ఎప్పుడూ సరిగ్గా పడేది కాదు. శ్రుతి తప్పింది, మళ్లీ పాడతాననేవాడు. ఇంకోసారి, ఊపిరి సరిపోలేదు, మళ్లీ పాడతాననేవాడు. ఫిర్మిన్ ప్రతిసారీ మోకాళ్ల మీద కూర్చుని తుడిచేవాడు. నాలుగోసారి బూటు తాడు విప్పి, రెండు బూట్ల తాళ్లూ కలిపి ముడివేశాడు. వీరుడు రాజుగారికి నమస్కరించబోయి నా పియానో మీద పడ్డాడు. ఆ తర్వాత ఆ వాక్యం ఒనోరెకు ఒక్కసారికే సరిగ్గా వచ్చేది.

కవచం ఎవరు చేస్తారన్న ప్రశ్న వచ్చింది. ఊళ్లో రేకు పని తెలిసినవాడు ఒక్కడే. ఫిర్మిన్ పాత వానగొట్టాలు సాపు చేసి ఛాతీకి, భుజాలకు కొలత ప్రకారం కత్తిరించాడు. తల కొలత మాత్రం మిగిలింది. అది తీసుకోవడం నేను చూశాను. ఒనోరె వంటింట్లో కుర్చీలో కూర్చున్నాడు. బెర్త్ టేపు తల చుట్టూ తిప్పి అంకె చదివింది. ఆమె అంకెను నమ్మలేక ఫిర్మిన్ వెనక నుంచి వచ్చి తనే టేపు సర్ది, రెండు వేళ్లతో చెవుల వెనక ఎముక తడిమి చూసుకున్నాడు. ఒనోరె ఊపిరి బిగబట్టి, ఎదురుగా ఉన్న అల్మరా వైపు చూస్తూ కూర్చున్నాడు.

శిరస్త్రాణం చాలా అందంగా వచ్చింది. ముందు ఒక మూత, దించితే మొహమంతా కప్పేస్తుంది. ఒనోరె దాన్ని పెట్టుకుని అటూ ఇటూ తిరిగి, తీసి లోపల వేలు పెట్టి చూశాడు. నుదుటికి తగిలే అంచంతా మెత్తటి ఉన్ని గుడ్డ కుట్టి ఉంది. కాసేపు దాన్నే నిమురుతూ ఉండి, బెర్త్‌తో, మూత దించినప్పుడు చప్పుడు రావడం లేదని మీ తమ్ముడితో చెప్పు, వీరుడంటే చప్పుడుండాలి అన్నాడు. ఫిర్మిన్ అక్కడే ఉన్నాడు. గట్టిగా మూస్తే ఇరుక్కుంటుందని మీ ఆయనతో చెప్పు అన్నాడు. చప్పుడే కావాలన్నాడు ఒనోరె. ఫిర్మిన్ భుజాలు ఎగరేసి, లోపల ఒక కొక్కెం వేశాడు. అప్పటి నుంచి మూత పడితే గన్ను పేలినట్టు ఉండేది.

ఫిర్మిన్ ఇబ్బంది వేరే చోట వచ్చింది. మూడో రంగంలో సైన్యం వచ్చిందన్న మాట అతని గొంతులోంచి రాదు. మిగతాదంతా హాయిగా పాడి, అక్కడికి రాగానే నీళ్లు నములుతాడు. ఓదీల్ కారణం అడిగితే, రాని సైన్యం వచ్చిందని చచ్చిపోయే మనిషికి ఎలా చెబుతాను అన్నాడు. ఇది నాటకమండీ అందామె. నాటకమైతే మాత్రం, ఎదురుగా పడుకునేది మా బావ కదా అన్నాడు. అప్పుడు ఒనోరె గదిలో లేడు. బావ అన్న మాట ఆ నోట విని చాలా కాలమైంది.

మే నెలలో ఓ ఆదివారం మధ్యాహ్నం ఊరి ఉత్సవాల హాల్లో ప్రదర్శన. పక్క ఊళ్ల నుంచి కూడా వచ్చారు. కుర్చీలు చాలక బల్లలు వేశారు. ముందు వరుసలో మేయరు, అంటే ఆ ఒక్క ఓటుతో గెలిచినాయన, కడుపు మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాడు. వీరుడికి గుర్రం దొరకలేదు. జున్ను తయారీకి పాలు మోసుకొచ్చే ఒనోరె గాడిదనే పెట్టారు. సత్రం రంగంలో అది రాజుగారి సింహాసనంలో పరిచిన గడ్డి సగం తినేసింది. జనం చప్పట్లు కొట్టారు. ఒనోరె శ్రుతి తప్పలేదు. బూట్ల దగ్గర ఇద్దరూ బుద్ధిగా ఉన్నారు. ఓదీల్ తెర పక్క నుంచి నాకు కన్ను గీటింది.

రెండో రంగం మొదలైంది. అట్టలతో చేసిన వంతెన మీదకు ఒనోరె ఎక్కాడు. అక్కడ అతని పెద్ద పాట ఉంది. రానీయండి, ఈ వంతెన మీద నేనున్నాను అని మొదలవుతుంది. పాట ముందు మూత ఒకసారి దించి, ఎత్తి పాడాలి. జనాన్ని చూసిన ఉత్సాహంలో ఒనోరె దాన్ని చేత్తో బలంగా కొట్టి దించాడు. హాలు అదిరింది. పసిపిల్ల ఒకతె ఏడ్చింది. తర్వాత అతను ఎత్తబోయాడు. మూత రాలేదు.

నేను పాట ముందు వాయింపు మళ్లీ వాయించాను. అతను రెండు చేతులతో లాగాడు. మూడోసారి వాయించాను. లోపల నుంచి డ్రమ్ములో మాట్లాడినట్టు ఏదో బూతు వినిపించింది. కళ్లు కనబడక వీరుడు వంతెన చివరికి నడుస్తున్నాడు. కింద మేయరు కాళ్లు పైకి ముడుచుకున్నాడు. ఆ రంగంలో బంటు రావాల్సింది ఆఖర్న. అయినా ఫిర్మిన్ తెర చాటు నుంచి ఒక్క దూకు దూకి, వీరుడి నడుం పట్టీ పట్టుకుని వెనక్కి లాగాడు.

ఇక్కడ ఏం చెయ్యాలో ఎవరికీ తెలియలేదు. నా వేళ్లు మాత్రం ఆగలేదు. బంటు వచ్చినప్పుడు వాయించే వరస వాయించాను. ఆ వరస వినగానే అలవాటు కొద్దీ ఒనోరె ఆ రాగంలోనే ఎత్తుకున్నాడు. మాటలు మాత్రం ఒపేరాలోవి కావు.

"ఇది నువ్వు కావాలనే చేశావు రా" అని రేకు లోంచి పాడాడు.

"గట్టిగా మూస్తే ఇరుక్కుంటుందని చెప్పాను బావా" అని ఫిర్మిన్ అదే రాగంలో అందుకున్నాడు. "కావాలని చేసేవాణ్ణయితే మెడ దగ్గరే బిగించేవాణ్ణి."

జనం నవ్వారు. బయట ఊళ్లవాళ్లు ఇదంతా కథలోదేననుకున్నారు. ఫిర్మిన్ మెట్టు మీద ఒక కాలు పెట్టి, శిరస్త్రాణం సందులో వేళ్లు దూర్చి కొక్కెం వెతుకుతున్నాడు. ఒనోరె కదలకుండా నిలబడి, ఇంకో అర స్థాయి కిందకు దిగి పాడాడు. "ఆ రోజు కూడా కావాలనే చేశావు."

మా ఊరివాళ్లందరికీ ఆ రోజంటే ఏ రోజో తెలుసు. నవ్వులు ఆగిపోయాయి. నేను మెల్లగా వాయించాను. రెండో వరుసలో బెర్త్ చేతిసంచి ఒళ్లోకి లాక్కుంది.

"అవును, ఆ రోజు కావాలనే చేశాను" అని ఫిర్మిన్ పాడాడు. శ్రుతి మాత్రం తప్పలేదు. "నువ్వు మేయరువైతే పొద్దున్న వీధి దీపాలవాడితో తగువు, మధ్యాహ్నం నీళ్లవాడితో తగువు. నెల తిరిగేసరికి ఊళ్లో నీకో మనిషి మిగలడు. రాత్రి మా అక్క ఒక్కతే ఆ మొహం చూస్తూ కూర్చోవాలి. నీకు ఆ కుర్చీ వద్దనుకున్నాను. నువ్వంటే ఇష్టం లేక కాదు."

"ఆ మాట ఆ రోజే చెప్పి ఉండొచ్చు కదా."

"చెప్పబోతే సూప్ గిన్నె విసిరావు."

మొదట నవ్వింది మేయరే. తర్వాత హాలంతా నవ్వింది. ఈలోగా ఫిర్మిన్‌కు కొక్కెం దొరికింది. ఒక్క గుంజు గుంజితే మూత మొత్తం ఊడి అతని చేతికి వచ్చింది. లోపల నుంచి ఒనోరె మొహం ఉడికించిన దుంపలా ఎర్రగా, కళ్ల నిండా నీళ్లతో బయటపడింది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ఇన్నేళ్లలో ఎదురుగా కూర్చుని తిన్నారే గాని అంత సూటిగా చూసుకోలేదు.

తెర పక్కన ఓదీల్ చేతులు గాలిలో తిప్పుతోంది, కానివ్వు కానివ్వు అని. నేను పెద్ద పాట ముందు వాయింపు మళ్లీ ఎత్తుకున్నాను. ఒనోరె ముక్కు ఎగబీల్చి, బంటు భుజం మీద చెయ్యి వేసుకుని పాడాడు. వీరుడు ఒంటరిగా నిలబడాలని పుస్తకంలో రాసి ఉంది. ఫిర్మిన్ వెళ్లబోతే ఆ చెయ్యి వదల్లేదు. ఆ పాట అతను సాధనలో ఎన్నోసార్లు బాగా పాడాడు. ఇంత బాగా ఎప్పుడూ పాడలేదు. ఆఖరి స్వరం పట్టుకున్నప్పుడు ఆ రేకు కవచం ఝుమ్మని మోగడం నాకు పియానో దాకా వినిపించింది.

మూడో రంగానికి ముందు తెర వెనక గడబిడగా ఉంది. ఒనోరెను మంచం మీద పడుకోబెట్టి దుప్పటి కప్పారు. ఫిర్మిన్ మంచం పక్కన మోకాళ్ల మీద కూర్చుని టోపీ నలుపుతున్నాడు. ఆ వాక్యం వస్తుందా అని ఓదీల్ అడిగితే, చూద్దాం అన్నాడు. ఒకవేళ అతను ఆగిపోతే ఆ చోటు వాయింపుతో నింపమని ఆమె నాకు చెప్పింది.

తెర లేచింది. వీరుడు మెల్లగా పాడాడు. చలి, వంతెన, తెల్లవారిన సంగతి. చివరికి బంటు చెయ్యి పట్టుకుని, సైన్యం వచ్చిందా అని అడిగాడు. నేను రెండు స్వరాలు వాయించి ఆగాను. ఫిర్మిన్ నోరు తెరిచాడు, మూశాడు. చనిపోతున్న వీరుడిగా ఒనోరె కళ్లు మూసుకుని ఉండాలి. ఒక కన్ను కాస్త తెరిచి చూశాడు.

ఫిర్మిన్ ఆ కన్ను వైపే చూస్తూ పాడాడు. సైన్యం వచ్చింది, వంతెన చివరి దాకా వచ్చింది, మిమ్మల్ని చూసి తిరిగిపోయింది అని. ఎక్కడా తడబడలేదు. తను చూసి వచ్చిన సంగతి చెబుతున్నట్టు పాడాడు. వెనక బల్లల మీద కూర్చున్న ముసలాయన ఒకడు టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

వీరుడు చనిపోయాడు. చనిపోయాక, తెర పడకముందే, జనానికి వినబడకుండా పెదవులు కదిపాడు. పియానో మంచానికి దగ్గర కాబట్టి నాకు వినిపించింది.

"అబద్ధాలకోరు" అన్నాడు.

"నోర్మూసుకుని చావు బావా" అన్నాడు ఫిర్మిన్.

చప్పట్లు చాలాసేపు మోగాయి. బయట ఊళ్ల నుంచి వచ్చినవాళ్లు, వంతెన మీద గొడవపడే పాట మళ్లీ పాడమని అరిచారు. అది మళ్లీ వచ్చేది కాదని ఓదీల్ వాళ్లకు చెప్పలేదు. గొంతులు అలసిపోయాయని మాత్రం చెప్పింది. మేయరు వేదిక ఎక్కి ఒనోరె చెయ్యి పట్టుకుని ఊపుతూ, వీధి దీపాలవాడితో తగువు నాకూ తప్పడం లేదయ్యా అన్నాడు. ఒనోరె ఏదో గట్టిగా అనబోయి, ఫిర్మిన్ వైపు చూసి, అవునా పాపం అని ఊరుకున్నాడు. ఆ సంయమనం ఆ ఒక్క పూటకే సరిపోయిందనుకోండి, మర్నాడే చెత్తబండి గురించి పురపాలక కార్యాలయానికి వెళ్లి అరిచాడు.

హాలు వెనక ఆవరణలో బల్లలు పరిచి భోజనాలు పెట్టారు. పొగబెట్టిన సాసేజీలు, ఉడికించిన దుంపలు, ఒనోరె తెచ్చిన జున్ను చక్రం, మా పసుపు ద్రాక్షసారా. బెర్త్ అలవాటు కొద్దీ ఇద్దరి మధ్య కుర్చీ వేసుకుని కూర్చుంది. కాసేపటికి ఇద్దరూ ఆమె వీపు వెనక నుంచి మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. తర్వాత ఆమె ముందు నుంచి. చివరికి ఆమె తన పళ్లెం తీసుకుని లేచి, నా పక్కకు వచ్చి కూర్చుంది. ఆ ఖాళీ కుర్చీ మీద ఇద్దరూ మోచేతులు ఆనించి, గాడిద గడ్డి తిన్నది రాజు లేవకముందా లేచాకా అని వాదించుకుంటున్నారు. ఇన్నేళ్ల మాటలు కూడబెట్టుకున్నారు కదా, ఏ విషయమైనా సరిపోతుంది.

"ఇక ఆదివారాలు నాకు వినబడేది ఈ గొడవే" అంది బెర్త్. అంటూ కళ్లు తుడుచుకుంది. తర్వాత దుంప ఒకటి నోట్లో పెట్టుకుని, చల్లారిపోయిందని విసుక్కుంది.

ఓదీల్ అప్పటికే బల్ల చివర కూర్చుని క్లారిస్‌తో వచ్చే ఏడాది గురించి మాట్లాడుతోంది. ఈసారి సముద్రపు దొంగల కథట. ఓడ కావాలట. ఓడ అన్న మాట చెవిన పడగానే ఫిర్మిన్ తల తిప్పి, దాని పొడవెంత అని అడిగాడు. ఒనోరె, ముందు ఓడకు కెప్టెన్ ఎవరో తేల్చండి అన్నాడు. పొద్దు ఇంకా కొండల మీదే ఉంది. సారా సీసా ఖాళీ అయితే ఇంకొకటి తేవడానికి ఇద్దరూ కలిసి లేచారు. కవచం సగం విప్పిన ఒనోరె నడుస్తుంటే గలగలమని శబ్దం వస్తోంది. ఫిర్మిన్ వెనక నుంచి, ఊడి వేలాడుతున్న భుజం రేకు పట్టుకుని మోస్తూ నడుస్తున్నాడు.